ఫోటోలో రెండో కుర్రాడు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఏదో ఒక సాయంత్రం పని నుంచి ఇంటికి వచ్చేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంటుందని, పాపను ఎవరో న్యాయంగానే, సంతకాలు పెట్టించుకుని మరీ తీసుకుపోయి ఉంటారని. దొంగలైతే కేకలు పెట్టి నలుగుర్నీ పోగెయ్యొచ్చు. న్యాయంగా వచ్చినవాళ్ళను చూపించి ఏమని అరుస్తాం?

ఆ భయంతోనే పాపను చంకనేసుకుని డిటెక్టివ్ మేడమ్ ఆఫీసు మెట్లెక్కింది. కింద గడియారాలు బాగుచేసే దుకాణం, పైన రెండు గదులు. తలుపు తీసినవాడు మేడమ్ దగ్గర అసిస్టెంటు. ఒంటికి మించిన తల కావడంతో అతన్ని అందరూ ‘బుర్ర’ అంటారు. అతన్ని చూడగానే పాప గుక్కపట్టి ఏడ్చింది.

“ఏమనుకోకండి, దీనికి కొత్తముఖం పడదు,” అందామె కంగారుగా.

“నా ముఖం చూసి పెద్దవాళ్ళే దడుచుకుంటారు. పాపదేం తప్పులెండి,” అన్నాడు బుర్ర, తన ముఖాన్ని తలుపు చాటుకు లాక్కుంటూ.

లోపల మేడమ్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతోంది. ఆమెను చూసి కూడా పాప ఏడ్చింది. మేడమ్ బుజ్జగించే ప్రయత్నమేమీ చెయ్యలేదు. ఏడుపు తగ్గేదాకా ఊరుకుని, “ఇప్పుడు చెప్పమ్మా. మొదటినుంచి చెప్పు. ఏది ముఖ్యమో నేను చూసుకుంటాను,” అంది.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆమె భర్త రేవులో ఇసుక తోడే పడవ మీద పనిచేసేవాడు. పాప కడుపులో ఉండగానే పడవ తిరగబడింది. మనిషి దొరకలేదు, ఫోటోలన్నీ ఉన్న ఫోనూ అతనితోనే నీళ్ళలో పోయింది. అతను అనాథాశ్రమంలో పెరిగినవాడు. ఆ ఆశ్రమం కూడా ఎప్పుడో మూతపడింది. అతని గుర్తుగా మిగిలింది ఒకే ఒక్క చిన్ననాటి ఫోటో. వానకు గోడ చెమ్మగిల్లి, అదీ అద్దానికి అతుక్కుపోయి పాడైంది. కళ్ళు, నుదురు బాగానే ఉన్నాయి గాని ముక్కు కింద అంతా తెల్లగా చెదిరిపోయింది.

“పాపకి నాన్న ముఖమంటూ ఒకటి ఉండాలి కదండీ. అందుకని పాత ఫోటోలు బాగుచేసే ల్యాబుకి ఇచ్చాను. కంప్యూటర్లో బాగుచేసి, దాన్నుంచి ఫిల్మ్ నెగటివ్ తీసిస్తారు వాళ్ళు. నెగటివ్ ఉంటే ఎన్నేళ్ళకైనా ప్రింటు వేయించుకోవచ్చన్నారు. చెరిగిన చోట పోలిక కోసం ఇంటివాళ్ళ ఫోటో ఒకటిమ్మన్నారు. ఆయన తరపున ఎవరున్నారని? పాప ఫోటోయే ఇచ్చాను.”

“బాగుచేసిన ఫోటో నువ్వే తెచ్చుకున్నావా?”

“నాకు సెలవు దొరకలేదండీ. మా ఇంటి పిన్ని వెళ్ళి తెచ్చింది. ప్రింటు, నెగటివ్ ఇచ్చారట. పాత ఫోటో మాత్రం అద్దం నుంచి ఊడదీస్తుంటే పొడిపొడి అయిపోయిందట.”

“ఇంటి పిన్ని అంటే?”

“ఇల్లుగల ఆవిడండీ. వరస కలుపుకున్నాం. నేను ప్యాకింగ్ పనికి పోతే పాపను పెంచేది ఆవిడే. ఆవిడ లేకపోతే మేమిద్దరం ఏమైపోయేవాళ్ళమో.”

ఫోటో వచ్చిన కొన్నాళ్ళకే ఒకాయన వచ్చాడు. పోయినవాడికి సొంత అన్ననన్నాడు. తల్లి పోయినప్పుడు మేనమామ తనను తీసుకుపోయి, తమ్ముణ్ణి ఆశ్రమంలో వేశాడట. జేబులోంచి ఒక ఫోటో తీసి చూపించాడు. అందులో ఆమె భర్త, అదే చొక్కా, అదే నిలుచునే తీరు, అదే నవ్వు. కాకపోతే పక్కన ఇంకో కుర్రాడు, భుజం మీద చెయ్యేసి. ‘మీ ఇంట్లో ఉన్నది ఇందులోంచి కత్తిరించిన సగమే’ అన్నాడు. ఫోటోతో పాటు నెగటివ్ కూడా తెచ్చాడు.

“ఈలోగా నా మీద ఎవరో ఫిర్యాదు పెట్టారు మేడమ్, తల్లి పొద్దున పోతే సాయంత్రానికి గాని రాదు, పిల్ల పరాయి చేతుల్లో పెరుగుతోందని. పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ వచ్చారు. ఆయన ఫోటో పెట్టారు ఆవిడ ముందు. ప్రింటంటే ఎలాగైనా చేస్తారు, నెగటివ్ అబద్ధం చెప్పదు కదా అన్నారావిడ. పాప నవ్వూ, ఫోటోలో నవ్వూ అచ్చు ఒకటేనన్నారు. నిజమే మేడమ్, ఒకటే. కాదని నేనెలా అంటాను?”

“రక్తపరీక్ష?”

“తండ్రి లేడు కాబట్టి తేలడానికి నెలలు పడుతుందట. అప్పటిదాకా పాప పెదనాన్న దగ్గర ఉంటే మంచిదంటున్నారు. వాళ్ళకు పిల్లల్లేరు, ఆయన భార్య ఇంటిపట్టునే ఉంటుంది.” ఆమె పాపను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. “అప్పటిదాకా అంటే చాలదా మేడమ్, ఈ వయసు పిల్ల నన్ను మర్చిపోడానికి?”

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని ఆమె వంక కొంచెంసేపు చూసింది. “మీ ఆయన తనకు అన్న ఉన్నాడని ఎప్పుడైనా అన్నాడా?”

“నాకు చుట్టరికాలు నీతోనే మొదలు అనేవారు. అంతే.”

“బుర్రా, గొడుగు తియ్యి,” అంది మేడమ్ లేస్తూ. “ఆ పిన్నిగారింట్లో మంచినీళ్ళు తాగొద్దాం.”

దారిలో బుర్ర ఆమె పక్కన నడుస్తూ గుసగుసగా చెప్పాడు. “మేడమ్ ఎక్కడికి వెళ్ళినా నీళ్ళడుగుతారు, ఒక్క గుక్కా తాగరు. నీళ్ళు తెచ్చే వంకతో ఇంటివాళ్ళు లోపలికి పోతారు కదా, ఆలోగా గదంతా చదివేస్తారన్నమాట. నేను మూడేళ్ళు వెంట తిరిగాక గాని నాకది తెలియలేదు.” తానే ఆ విద్య కనిపెట్టినంత గర్వంగా ఉన్నాడతను.

* * *

పిన్ని ఇల్లు వీధి చివర. పక్కనుంచి మెట్లు, మెట్ల పక్కన పచ్చరంగు తలుపు. ముందు గది పిన్నిది, మేడమీద గది పాపా తల్లీ ఉండేది. వెనక వాటా ఖాళీగా తాళం వేసి ఉంది. పిన్ని గదిలో సామాను తక్కువే గాని ఉన్నదంతా పాప చుట్టూ సర్దినట్టుగా ఉంది. మంచం కోళ్ళకు గుడ్డలు చుట్టి ఉన్నాయి, తల తగలకుండా. బల్ల మూలలకూ అంతే.

“అయ్యో, డిటెక్టివులా? మా ఇంటికా!” అంది పిన్ని, పాపను అందుకుంటూ. “మంచిపని చేశావే అమ్మాయ్. ఎవరో ఒకరు పూనుకోకపోతే ఎలా? నా మట్టుకు నాకు ముద్ద దిగడం లేదు.”

నీళ్ళు వచ్చాయి. మేడమ్ గ్లాసు పట్టుకునే కూర్చుంది.

“పాత ఫోటో మీరు వెళ్ళేసరికే పొడైపోయిందాండీ?”

“పొడేనమ్మా. ఆ ల్యాబు పెద్దాయన పాపం, చాలా నొచ్చుకున్నాడు.”

“ఈ అమ్మాయి ఇల్లు మారబోతోందని విన్నాను?”

తల్లి ఉలిక్కిపడింది. దారిలో మాటల మధ్య తనే మేడమ్‌కు చెప్పిన సంగతే. తను పనిచేసే కంపెనీకి వేరే ఊళ్ళో ఇంకో షెడ్డు ఉంది. అక్కడ పనివాళ్ళ పిల్లల్ని చూసుకునే గది ఉంది, మధ్యాహ్నం తల్లి వెళ్ళి చూసి రావచ్చు. అక్కడికి మార్చమని అడిగి పెట్టింది. ఈ గొడవతో ఆగిపోయింది.

“నేనే వెళ్ళమన్నానమ్మా,” అంది పిన్ని. “నీ బాగే నా బాగు తల్లీ అన్నాను. కాదుటే?”

“అవును మేడమ్. పిన్ని ఒక్కమాట కూడా అడ్డం చెప్పలేదు.”

ఆ సమయానికి ‘బావగారు’ రానే వచ్చాడు. ఆఫీసరమ్మ వారానికోసారి పాపను చూసుకోమని అనుమతిచ్చింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, మెత్తటి మాట. గడప దాటుతూనే చేతులు చాచాడు. పిన్ని చంకలోని పాప కిలకిలమంటూ అతని మీదికి దూకింది.

“చూశారా?” అన్నాడతను తడికళ్ళతో. “మొదటి రోజూ ఇంతే. ఆఫీసరుగారు కూడా ఆశ్చర్యపోయారు. రక్తం రక్తాన్ని గుర్తుపడుతుందండీ.”

తల్లి చూపు నేలకు దిగింది.

“పాపను మీ ఊరు తీసుకుపోతారా?” అడిగింది మేడమ్.

“పసిదాన్ని అలవాటు తప్పించి ఎక్కడికి తీసుకుపోతామండీ? నేనూ నా భార్యా ఇక్కడికే వచ్చేస్తాం. ఈ ఇంట్లోనే వెనక వాటా ఖాళీగా ఉందట, అద్దెకు తీసుకుంటాం. పాపకు ఈ పెద్దావిడ చెయ్యీ అలవాటే. మరదలు కూడా రోజూ చూసుకోవచ్చు. నేను రాక్షసుణ్ణి కాదండీ.”

“ఆ ఫోటో, నెగటివ్ ఒకసారి చూపిస్తారా?”

అతను చొక్కాజేబులోంచి కవరు తీశాడు. మేడమ్ నెగటివ్‌ను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. నల్లటి ముఖాలు, తెల్లటి జుట్టు. ఇద్దరు కుర్రాళ్ళు. చిన్నవాడి ఎడమ బుగ్గ మీద, నీడ ఉండవలసిన చోట, చిన్న వెలుగు చుక్క.

“బుర్రా, నువ్వూ చూడు.”

బుర్ర వంగి చూస్తుండగా పాప, అతన్ని చూసి ఏడవడం మానేసి, ఉన్నట్టుండి అతని ముక్కు పట్టుకు పీకింది. బుర్ర ‘కుయ్యో’ అన్నాడు. ఆ గొంతుకు ఎన్నాళ్ళ నుంచో నవ్వని తల్లి కూడా నవ్వేసింది. ఎంతోసేపు కాదు, తళుక్కుమని ఒక్క క్షణం. అయితే ఆ క్షణంలో మేడమ్ చూపు నెగటివ్ మీద లేదు, ఆమె ముఖం మీద ఉంది.

“మీ ఆయనకు బుగ్గ మీద సొట్ట పడేదా అమ్మా?”

“ఆయనకా? లేదండీ. అందుకే ఫోటో చూసి నేనూ అనుకున్నాను, చిన్నప్పుడుండి పెద్దయ్యాక పోయిందేమోనని.”

మేడమ్ నీళ్ళగ్లాసు ముట్టకుండా బల్లమీద పెట్టేసింది.

“అయ్యా, ఈ నెగటివ్ అసలైనదని ఆఫీసరుగారి ఎదుట తేలిపోతే మీకే మంచిది కదా. ఈ అమ్మాయి ఫోటో బాగుచేసిన ల్యాబులోనే ప్రింటు వేయిద్దాం.”

“ల్యాబులు బోలెడున్నాయి,” అన్నాడతను గబుక్కున. “ఇంకోచోట వేయిద్దాం. అదెందుకు?”

“దగ్గర కదండీ,” అంది మేడమ్ అమాయకంగా, కవరు తన సంచిలో పెట్టుకుంటూ.

* * *

ల్యాబులో మూడు గదులు. ముందు గదిలో కౌంటరు, దాని వెనక పెద్దాయన. మధ్య గదిలో కంప్యూటర్ ముందు, చెరిగిన ఫోటోలు దిద్దే టచింగ్ అబ్బాయి, ఎప్పుడూ తలెత్తడు. చివరది చీకటి గది.

“ఇది మా పెట్టె,” అంటూ పెద్దాయన నల్లటి యంత్రాన్ని నిమిరాడు. “లోపల చిన్న తెర ఉంటుంది. మావాడు బాగుచేసిన బొమ్మ ఆ తెర మీద ఒక్కో గీతగా వెలుగుతుంది. పైన కెమెరాలో ఫిల్మ్ ఉంటుంది. గీత గీతా కలిసి ఫిల్మ్ మీద బొమ్మవుతుంది. తర్వాత మందులో కడిగి ఆరేస్తాం.” తీగ మీద క్లిప్పులకు నెగటివ్‌లు వరసగా వేలాడుతున్నాయి, బట్టల్లా. “కంప్యూటర్లోది ఒక్క వేలు జారితే మాయం. ఇదైతే బల్బు ముందు పట్టుకుంటే చాలు, మనిషి కనిపిస్తాడు.”

“కంప్యూటర్లో బొమ్మలు దాచరా?”

“నెగటివ్ చేతికిచ్చాక చెరిపేస్తాం. ఒకరింటి ముఖాలు మనకెందుకమ్మా?”

“నున్నగా ప్లాస్టిక్ బొమ్మలా అనిపించదూ, కంప్యూటర్లో చేసింది?” అడిగాడు బుర్ర.

“అందుకే మావాడు కొంచెం గరుకు చల్లుతాడు, పాత ఫిల్ముకుండే గరుకు. అప్పుడు మా నెగటివ్ చూసి కెమెరాలోంచి వచ్చింది కాదని ఎవరూ అనలేరు.” పెద్దాయన ముఖం వెలిగింది. అంతలోనే, తానేమన్నాడో అర్థమై, ఆరిపోయింది.

“ఈ అమ్మాయి పాత ఫోటో పొడైపోయిందటగా?”

“ఎవరన్నారు?” పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. “మా చేతిలో ఏ ఫోటో పొడి కాలేదమ్మా! తడిపి, ఓర్పుగా అద్దం నుంచి ఊడదీసి, కవర్లో పెట్టి ఇచ్చాను. ఒకావిడ వచ్చి తీసుకుంది.”

తల్లి తెల్లబోయింది. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు. ల్యాబువాళ్ళే, సందేహం లేదు, తమ పొరపాటు కప్పిపుచ్చుకోడానికి. అలా అనుకోగానే ఆమెకు కాస్త ఊపిరాడింది.

“ఆ ఒకావిడ ఎలా ఉంటుంది?”

“అదే వచ్చిన చిక్కు. రోజంతా చీకట్లో ఉండేవాణ్ణి, ముఖాలు గుర్తుండవు. నెగటివ్‌లో చూపిస్తే మాత్రం ఎవరినైనా ఇట్టే పట్టేస్తాను.”

బుర్ర నవ్వాపుకోలేకపోయాడు. మేడమ్ మాత్రం మధ్య గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గాజులోంచి తల్లి చూస్తూనే ఉంది. మేడమ్ ఏదో అడిగింది. టచింగ్ అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. మేడమ్ బావగారి ఫోటో ముందు పెట్టింది. అబ్బాయి తొలిసారి తలెత్తాడు. తర్వాత ఆ తలను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“మేడమ్‌కి తెలిసిపోయింది,” అన్నాడు బుర్ర మెల్లగా. “కళ్ళజోడు ముడిచేశారంటే ఇక చూడవలసిందేమీ లేదని.”

“ఏం తెలిసిందండీ?”

“నాకూ తెలీదమ్మా. నాకు ఎప్పుడూ చివరనే తెలుస్తుంది.”

* * *

పాప ఎవరి దగ్గర ఉండాలో ఆఫీసరమ్మ తేల్చే విచారణ రోజు ఉదయం, మేడమ్ పిలుపు మీద అందరూ ల్యాబు చీకటి గదిలో నిలుచున్నారు. ఆఫీసరమ్మ, బావగారు, పిన్ని, పెద్దాయన, టచింగ్ అబ్బాయి, తలుపు దగ్గర బుర్ర. తల్లి చంకలో పాప. ఎర్ర బల్బు ఒక్కటే వెలుగుతోంది. ఆ వెలుతురులో అందరి ముఖాలూ ఒకే రంగులో ఉన్నాయి. పాప తల్లి మెడలో ముఖం దాచుకుంది.

పెద్దాయన బావగారి నెగటివ్‌ను యంత్రంలో పెట్టి, కాగితం మీద వెలుగు పడనిచ్చి, ఆ కాగితాన్ని మందుపళ్ళెంలో జార్చాడు. కాసేపు తెల్లగానే ఉంది. తర్వాత నీళ్ళ అడుగునుంచి ఎవరో పైకొస్తున్నట్టు, మొదట జుట్టు, కళ్ళు, ఆ తర్వాత నోరు తేలాయి.

తల్లి పళ్ళెం మీదికి వంగింది. నీళ్ళలోకి పోయిన మనిషి నీళ్ళలోంచే వస్తున్నాడు.

“చూడండి,” అంది ఆఫీసరమ్మ. “నేను మొదటినుంచీ అంటున్నది ఇదే. అచ్చు పాప నవ్వే ఇది.”

“సరిగ్గా చెప్పారు,” అంది మేడమ్. “పాప నవ్వే.”

ఎవరికీ అర్థం కాలేదు.

“పాప ఫోటోలోంచి తీసిన నవ్వే అది. బాబూ, నువ్వు చెప్పు.”

టచింగ్ అబ్బాయి ఎర్రవెలుతురులోంచి ఒక అడుగు ముందుకొచ్చాడు. “నా దగ్గరికొచ్చిన ఫోటోలో ముక్కు కింద ఏమీ లేదండీ. పోలిక కోసం పాప ఫోటో ఇచ్చారు. పాప నోరు తీసుకుని, కుర్రాడి వయసుకు సాగదీసి అతికించాను. బుగ్గమీద సొట్టతో సహా. బాగుందని నాకే ముచ్చటేసింది.”

“ఆ సొట్ట తండ్రిది కాదు,” అంది మేడమ్. “అమ్మాయ్, నువ్వు అద్దం ముందు నవ్వి ఎన్నాళ్ళయింది?”

తల్లి చెయ్యి తెలియకుండానే తన ఎడమ బుగ్గ మీదికి పోయింది.

“పాపకు సొట్ట నీనుంచి వచ్చింది. నీ భర్త బుగ్గ మీద అదెప్పుడూ లేదు. మరి ముప్ఫై ఏళ్ళ కిందటి కెమెరా ఒక పిల్లవాడి ముఖం మీద, ఇంకా పుట్టని అతని కూతురి నవ్వును ఎలా పట్టింది? ఈ నెగటివ్ ఆ రోజుది కాదు, ఈ పెట్టెలోంచి వచ్చింది. బాబూ, రెండో కుర్రాణ్ణి ఎవరు పెట్టమన్నారు?”

“ఎవరో నాకు తెలీదండీ. కవరులో ఇంకో పిల్లవాడి ఫోటో పెట్టి, అన్నదమ్ముల్ని కలిపి ఇంకో నెగటివ్ తియ్యమని చెప్పి పంపారండీ. అలాంటివి రోజూ చేస్తాం. పోయిన తాతగారి పక్కన మనవణ్ణి నిలబెట్టమంటారు, విడిపోయినవాళ్ళను కలపమంటారు. కలిపితే ఎవరికైనా కీడు జరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.” అతను తల్లి వైపు తిరిగాడు. “నన్ను క్షమించండక్కా.”

అందరి చూపులూ బావగారి మీదికి మళ్ళాయి.

“ఈయన ఒక్కడివల్ల అయ్యేది కాదిది,” అంది మేడమ్. “పాపకు కొత్తముఖం పడదు. నన్ను చూసి ఏడ్చింది, బుర్రను చూసి ఏడ్చింది. ఈయన మొదటిరోజు రాగానే మీదికి దూకింది. రక్తం గుర్తుపట్టి కాదు. తల్లి పనికి పోయినప్పుడల్లా ఈయన ఆ ఇంటికి వచ్చి పాపను ఆడించాడు కాబట్టి. మరి ఆ ఇంటి తలుపు తీసిందెవరు? సొంత ఊళ్ళో ఇల్లుండగా ఈయన ఆ వెనక వాటాకే ఎందుకొస్తానంటున్నాడు? ల్యాబుకి పాప తల్లి బదులు వెళ్ళిందెవరు? పొడి కాని ఫోటో పొడైందన్నదెవరు?”

“కాదు,” అంది తల్లి. ఆ మాట మేడమ్‌తో కాదు. “పిన్నీ, కాదని చెప్పు.”

పిన్ని కాదనలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

“వీడు నా ఆడపడుచు కొడుకు,” అంది. “వాణ్ణేమీ అనకండి. నేను చెప్పినట్టు ఆడాడంతే. ఫిర్యాదు పెట్టిందీ నేనే.”

“ఎందుకు పిన్నీ?”

“వెళ్ళిపోతానన్నావు కదే.” పిన్ని తలెత్తింది. “పుట్టిన రోజునుంచి నా గుండెల మీద పెరిగిన పిల్ల. దాన్ని చంకనేసుకుని బస్సెక్కి పోతానని, కూర తరుగుతూ, ఎంత తేలిగ్గా అన్నావో. నీ బాగే నా బాగు అన్నాను. ఇంకేమనను? నాకేం హక్కుంది? నిన్ను వెళ్ళగొట్టాలని కాదే తల్లీ. పాప ఇక్కడుంటే నువ్వెక్కడికి పోతావు? ఇద్దర్నీ ఇంట్లో కట్టేసుకుందామనుకున్నాను. ఇంత దూరం వస్తుందనుకోలేదు.”

“నాకు పిల్లల్లేరు,” అన్నాడు బావగారు అనబడినవాడు, ఎవరూ అడగకుండానే. “మొదట అత్తయ్య మాట కోసమే చేశాను. తర్వాత మా ఆవిడ గౌన్లు కుట్టడం మొదలుపెట్టింది. ఆవిడకు ఇది నాటకమని తెలీదు. ఆపలేకపోయాను.”

పిన్ని సంచిలోంచి గుడ్డలో చుట్టినదేదో తీసి తల్లి చేతిలో పెట్టింది. పెద్దాయన లైటు వేశాడు. పాత ఫోటో. ముక్కు కింద తెల్లటి మరక. నాలుగు పక్కలా చెక్కుచెదరని తెల్ల అంచు. ఎక్కడా కత్తెర పడలేదు. ఆ పిల్లవాడి పక్కన ఏనాడూ ఎవరూ నిలుచోలేదు.

“పారెయ్యబోయాను,” అంది పిన్ని. “తండ్రి బొమ్మ చింపితే పాపకేమవుతుందోనని చేతులు రాలేదు.”

ఆఫీసరమ్మ ఆ ఫోటోను, ప్రింటును పక్కపక్కన పెట్టి చూసింది. తన చేతిలోని ఫైలు మూసేసి, “నెగటివ్ అబద్ధం చెప్పదనుకున్నానమ్మా,” అంది తల్లితో. “ఈ కేసు ఈరోజుతో సరి. పాప నీదే. పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం.”

తల్లి పిన్ని వంక చూసింది. తిట్టు నోటిదాకా వచ్చింది. చంకలోంచి పాప, ఏమీ ఎరగని పాప, పిన్నిని చూసి చేతులు చాచింది. తల్లి పాపను గట్టిగా అదుముకుని గదిలోంచి బయటికి వచ్చేసింది. పోలీసుల మాట ఎత్తలేదు.

ముందు గదిలో బుర్ర కళ్ళు తుడుచుకుంటున్నాడు. “గెలిచాం కదా మేడమ్. మరి ఇలా ఉందేమిటి?”

“అప్పుడప్పుడూ ఇలాగే ఉంటుంది బుర్రా,” అంది మేడమ్. కౌంటరు మీద ఎవరో పెట్టిన గ్లాసు తీసుకుని, ఆ రోజు నీళ్ళు తాగింది.

టచింగ్ అబ్బాయి వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. “అక్కా, రెండో కుర్రాడున్న నెగటివ్ కాల్చేస్తాను. మీ మొదటి నెగటివ్ కూడా మళ్ళీ తీసిస్తాను, ఆ నోరు లేకుండా.”

తల్లి చేతిలోని పాత ఫోటో వంక చూసింది. “నోరు ఉండనీ తమ్ముడూ. ఆయనకెవరూ ఏమీ ఇచ్చినవాళ్ళు లేరు. కూతురిచ్చింది, ఉంచుకోనీ.”

* * *

తల్లీ పాపా ఆ ఇల్లు విడిచి వెళ్ళిపోయి చాలాకాలమైంది. కొత్త ఊళ్ళో పాప ఇప్పుడు పరుగులు పెడుతోంది. మధ్యాహ్నం గంట కొట్టగానే తల్లి పిల్లల గదికి వెళ్ళి, కిటికీలోంచి లోపలి పిల్లల్ని లెక్కపెట్టి, పాప ఉందని చూసుకుంటుంది. పాత భయం పూర్తిగా పోలేదు. దానికి తోడు ఇంకొకటి వచ్చి చేరింది. ఆ మేనల్లుడు సిగ్గుతో మళ్ళీ ఆ గడప తొక్కలేదని బుర్ర ఫోనులో చెప్పాడు. అంటే ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. మోకాళ్ళ నొప్పి మనిషి. మెట్ల మీద కాలు జారితే చూసేదెవరు? తను వెళ్ళలేదు. వెళ్తే పాపను తీసుకెళ్ళాలి, పాపను తీసుకెళ్ళడానికి ఇంకా మనసు ఒప్పదు.

అందుకని మీలో ఎవరైనా అటువైపు వెళ్తే ఒక్క పని చెయ్యండి. వీధి చివరి ఇల్లు, మెట్ల పక్కన పచ్చరంగు తలుపు. మంచం కోళ్ళకు చుట్టిన గుడ్డలు ఇంకా విప్పి ఉండదు. తలుపు తట్టి, మంచినీళ్ళు అడగండి. ఆవిడ నడిచి వెళ్ళి తేగలుగుతోందో లేదో చూడండి. ఎవరు పంపారని అడిగితే చెప్పకండి. నీళ్ళు మాత్రం తాగి రండి.